నీల్ బోటు ఎక్కని పాప బండి

రెండు వేల పద్నాలుగు, జూన్ మూడో తేదీ, మంగళవారం, ఉదయం పదీ ఇరవై. వాన అప్పుడే కాస్త తెరిపిచ్చింది. ఒకే గొడుగు కింద ముగ్గురు పెద్దవాళ్లు, ఒక పాప మా షాపు మెట్లెక్కి లోపలికి వచ్చారు. పూర్తిగా గొడుగు కింద ఉన్నది పాప ఒక్కతే. తక్కిన ముగ్గురూ తలో పక్క తడిసిపోయారు.

టైము ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానని అడుగుతారేమో. షాపులోకి ఎవరొచ్చినా ముందు గడియారం చూసి, తర్వాత మనిషి మొహం చూడటం నా అలవాటు. అది మర్యాద కాదని తోటివాళ్లు చాలాసార్లు చెప్పారు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ అమర్యాదతోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఇంటికి ఎవరైనా వచ్చినా ముందు గడియారమే చూస్తాను.

మాది పోర్ట్ బ్లెయిర్‌లో, బతు బస్తీ రోడ్డు మీద, పిల్లల సామాన్లు అమ్మే షాపు. ఉయ్యాలలు, దోమతెరలు, వాకర్లు, పాలసీసాలు. నేను పనిచేసిన చివరి పదేళ్లలో పాప బండ్లు కూడా వచ్చాయి. డబ్బా మీద స్ట్రోలర్ అని ఉంటుంది. మా దగ్గరికి వచ్చేవాళ్లు మాత్రం పాప బండి అనేవాళ్లు. మగపిల్లాడికి కొన్నా అది పాప బండే.

ఇది చదివేవాళ్లలో కొత్తగా కౌంటరు వెనక నిలబడినవాళ్లూ, కొత్తగా బిడ్డని ఎత్తుకున్నవాళ్లూ ఉంటారనుకుంటున్నాను. ఇద్దరికీ పనికొచ్చే సంగతి కాబట్టి రాస్తున్నాను.

మా ఊళ్లో పాప బండి అమ్మడం తేలిక కాదు. ఎటు పోయినా ఎక్కడమో దిగడమో తప్ప చదునైన రోడ్డు తక్కువ. ఇల్లు కొండ వాలు మీద ఉంటుంది, రోడ్డు నుంచి ఇంటికి మెట్లుంటాయి. ఇనుప బోల్టు ఒక వానాకాలం గడిస్తే ఉప్పుగాలికి ఎర్రబడిపోతుంది. కొత్త సరుకు ఓడలో రావాలి. ఉన్నవి నచ్చలేదని మరో రకం కోసం ఆగితే, అది వచ్చేలోగా బిడ్డ నడక నేర్చేసుకుంటుంది.

అందుకని ధర చెప్పేముందు నేను మూడు ప్రశ్నలు అడిగేదాన్ని. ఎక్కడ ఉంటారు? ఎందులో తిరుగుతారు? ఎవరు తోస్తారు? మూడింటికీ జవాబు వచ్చాక బియ్యం పాపని బయటికి తీసేదాన్ని. గట్టి గుడ్డ సంచిలో ఎనిమిది కిలోల బియ్యం పోసి, తువ్వాలు చుట్టి, మెడ దగ్గరా నడుం దగ్గరా తాడు కట్టిన పాప అది. దాన్ని బండిలో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, షాపు ముందున్న మూడు మెట్లు దింపి మళ్లీ ఎక్కించాలి. ఆ తర్వాత పాపని ఒక చంకన వేసుకుని, రెండో చేత్తో బండి మడవాలి. మడవలేకపోతే ఎంత ముద్దొచ్చినా ఆ బండి మీది కాదు.

నాతో పాటు కౌంటరులో ఉండే అతనికి ఈ పద్ధతి నచ్చేది కాదు. నాకంటే పన్నెండేళ్లు చిన్న. తెలుగువాళ్ల పిల్లాడే గాని, పుట్టి పెరిగింది ఇక్కడే కాబట్టి నోటికి హిందీ ముందు వస్తుంది. "దీదీ, కస్టమర్‌ని ఎగ్జామ్‌లో కూర్చోబెడతారేంటి? పైసా ఇచ్చి మరీ ఫెయిలవడానికి ఎవరొస్తారు?" అనేవాడు. అతని ఆశంతా పెద్ద చక్రాల బండి ఒకటుండేది, దాని మీద. పదకొండు కిలోల బరువు, తొమ్మిదిన్నర వేల ధర, టీ కప్పు పెట్టుకోవడానికి ఒక గూడు. పద్నాలుగు నెలలుగా షాపు ముందు నిలబడి ఉంది. ఎవరూ కొనలేదు. అతను రోజూ పొద్దున్నే దాన్ని తుడిచేవాడు.

ఆ మంగళవారం వచ్చినవాళ్ల సంగతికి వస్తాను. ఒక మొగుడు, పెళ్లాం, మొగుడి తల్లి. ప్రోతరాపూర్‌లో ఉంటారు. అతను ఎలక్ట్రీషియన్. ఆమె నీల్ దీవిలో, ఒక బడిలో కాంట్రాక్టు టీచరు. నీల్ అంటే ఫీనిక్స్ బే నుంచి బోటులో రెండు గంటలు. పాపకి ఎనిమిదో నెల. ప్రసవం సెలవు అయిపోయింది. జూన్ పదహారు, సోమవారం బడి తెరుస్తారు. ఆ రోజు మధ్యాహ్నంలోగా వెళ్లి సంతకం పెట్టకపోతే ఆమె కాంట్రాక్టు తర్వాత వరసలో ఉన్నవాళ్లకి వెళ్లిపోతుంది. పాప ఇంకా తల్లిపాలే తాగుతోంది కాబట్టి తీసుకెళ్లాలి. అక్కడ అద్దెగది చూసుకున్నారు. బడి జరిగేంతసేపు పక్కింటి బెంగాలీ ఆవిడ పాపని చూస్తానంది. శనివారం బోటులో ఇంటికి రావడం, సోమవారం బోటులో వెళ్లడం.

నా మూడు ప్రశ్నలూ అడిగాను. మూడోదానికి ఆ అమ్మాయి, "నేనే తోస్తాను దీదీ, ఇంకెవరున్నారు?" అంది.

అత్తగారు బండ్ల వైపు చూడకుండా దోమతెరలు చూస్తూ నిలబడింది. అటు తిరిగే అంది. "తోపుడు బండి మీద కూరలమ్ముతారు. గుంటల్ని ఎట్టి తిప్పుతారేటి? ముగ్గుర్ని పెంచినాను. ఒక్కరికీ సెక్రాల్లేవు."

"అమ్మా, నీ రోజులు వేరే," అన్నాడు కొడుకు.

"అవును నాయినా. నా రోజుల్లో కోడళ్లు సముద్రాలు దాటి ఉజ్జోగాలకి పోయీవోరు కాదు."

కోడలు పాప ముక్కు తుడుస్తూ నెమ్మదిగా, "మీరూ సముద్రం దాటే కదత్తా ఇక్కడికి వచ్చారు?" అంది.

"నాను మొగుడెనకాల వచ్చినాను. ఉజ్జోగం ఎనకాల కాదు."

మా షాపు అతను నవ్వు దాచుకోవడానికి కౌంటరు కిందికి వంగాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ వెంటనే ఆమె నా వైపు తిరిగి, పంచాయతీ పెద్దకి చెప్పినట్టు చెప్పింది. "ఒక్క నెల సూస్తానన్నాను. ఆ తిరుగుడుకి గుంట నలిగిపోతే ఉజ్జోగం ఒగ్గీయాల. ఇద్దరూ ఒప్పుకున్నారు." కోడలు తల వంచుకుంది. ఒప్పుకున్నట్టే ఉంది. అంటే నేను అమ్మబోయేది వట్టి బండి కాదు. ఆ ఒక్క నెల గట్టెక్కితేనే ఆ అమ్మాయికి ఉద్యోగం ఉంటుంది.

మా అతను పెద్ద చక్రాల బండిని ముందుకు లాగాడు. "భయ్యా, ఇది చూడు. సోఫా లాగా ఉంటుంది. బేబీ నిద్రపోయిందంటే లేవదు." టీ కప్పు గూడు చూపించాడు. కొడుకు ధర చీటీ తిప్పి చూసి, మళ్లీ అలాగే తిప్పి పెట్టేశాడు. అతని దగ్గర ఉన్నది అయిదు వేలు. మధ్య రకం బండి ఎనిమిది కిలోలు, ఆరు వేల పైన. మూడోది గొడుగులా ముడుచుకునే చిన్న చక్రాల బండి, అయిదున్నర కిలోలు, నాలుగు వేల మూడు వందలు.

ప్రోతరాపూర్ బస్సులో పెద్ద బండి పెట్టనివ్వరు. బోటు ఎక్కే పలక మీద పదకొండు కిలోలు మోయడం ఆ అమ్మాయి వల్ల కాదు. ద్వీపాల్లో మేము ఏది కొన్నా ముందు బోటునే తలుచుకుంటాం. బీరువా అయినా ఫ్రిజ్ అయినా, బోటు తలుపులో పడుతుందా అన్నదే మొదటి మాట. చిన్న బండే ఖాయం చేశాం. ఆ అమ్మాయి బియ్యం పాపతో రెండుసార్లు తప్పి, మూడోసారి గెలిచింది.

నేను రెండు సంగతులు చెప్పాను. మెట్టు ఎక్కేటప్పుడు బండిని వెనక్కి తిప్పి లాగాలి, ముందుకు తోయకూడదు. రెండోది, హ్యాండిల్‌కి సంచులు తగిలించకూడదు. ఇలాంటి తేలిక బండిని నిలబెట్టేది పాప బరువే. పాపని ఎత్తగానే సంచుల బరువు బండిని వెనక్కి పడేస్తుంది. బియ్యం పాపతో చేసి చూపించాను. బండి వెల్లకిలా పడింది. అత్తగారు అప్పుడు మాత్రం దోమతెరలు వదిలి ఇటు చూసింది.

మళ్లీ మంగళవారం, పదో తేదీ, అత్తగారు ఒక్కతే వచ్చింది. పన్నెండు కావస్తోంది. బండి మీద కప్పే వాన కవరు బిగుతుగా ఉంది, మార్చమని అడిగింది. కవరు బాగానే ఉంది. ఆ మాటే చెప్పాను. అయినా కదల్లేదు. షాపులో ఎవరూ లేరని చూసుకుని, "అప్పా, ఆ మడతేటో ఓపాలి సూపించు," అంది.

అప్ప అంటే మా శ్రీకాకుళం వైపు అక్క. ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచీ అందరికీ నేను దీదీనే. ఆ పిలుపు చాలాకాలానికి విన్నాను.

షాపులో ఉన్న అలాంటి బండే ఇంకోటి తెచ్చాను. ఆమె వేళ్లు కణుపుల దగ్గర వంకర తిరిగాయి, మీట సులభంగా నొక్కలేకపోయింది. బొటనవేలితో కాకుండా అరచేతి మొదలుతో నొక్కమన్నాను. నాలుగోసారికి బండి ముడుచుకుంది. తర్వాత బియ్యం పాపని కూర్చోబెట్టి షాపులో ఈ చివర నుంచి ఆ చివరకి తోసింది. మలుపు దగ్గర తువ్వాలు జారితే ఆగి సర్ది మళ్లీ తోసింది. ఉయ్యాలల దగ్గరికి వచ్చేసరికి దానితో ఏదో మాట్లాడుతోంది కూడా. నేను లెక్కలు చూసుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

"మీరూ వెళ్తున్నారా నీల్‌కి?" అని అడిగాను.

"నానెందుకెల్తాను? ముసిలాయనకి కూడెవులు ఒండుతారు?" అని, "సోమారం బోటుకాడికి ఓపాలి వస్తావేటి? ఆ పిల్లకి మడత రాకపోతే సూపించడానికి," అంది. ఆ పిల్లకి మడత బాగా వచ్చు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. వస్తానన్నాను.

ఇప్పుడు మా దగ్గరున్న ఒక ఆనవాయితీ చెప్పాలి. ఏ దీవికైనా బోటు ఎక్కేవాళ్ల చేతిలో, ఆ దీవిలో ఉన్న తమవాళ్ల కోసం ఏదో ఒకటి పెడతారు. తెలిసినవాళ్లూ పెడతారు, తెలియనివాళ్లూ పెడతారు. రిపేరు చేయించిన వస్తువు, మందులు, పెళ్లి కార్డు, వండిన కూర, ఏదైనా సరే. కాదనే అలవాటు లేదు. ఇవాళ కాదంటే రేపు మన వస్తువు ఎవరు పట్టుకెళ్తారు? మా షాపు కూడా నీల్ కస్టమర్ల సరుకు అలాగే పంపేది. కొరియర్ కంటే ముందు చేరేది, దారిలో చీటీ కూడా చిరిగేది కాదు.

సోమవారం ఉదయం అయిదూ నలభైకి ఫీనిక్స్ బేకి చేరాను. మా దగ్గర అయిదింటికే తెల్లవారుతుంది కాబట్టి అప్పటికే ఎండ. రాత్రంతా గాలివాన కొట్టి ఆగింది. అలలు మాత్రం ఆగలేదు. బోటు ఆగే సిమెంటు గట్టుని ధక్కా అంటాం. బోటు ఆ ధక్కాకి కట్టిన టైర్లని గుద్దుకుంటూ లేచి పడుతోంది. గేటు మనిషి ఆ వేళ సాగనంపేవాళ్లని కూడా లోపలికి వదిలేశాడు. జనం కిక్కిరిసిపోయారు.

ఆ అమ్మాయి కనబడేసరికి నా ప్రాణం ఉసూరుమంది. పాప బండిలో కూర్చుని కాళ్లు ఆడిస్తోంది. హ్యాండిల్‌కి ఒక పక్క మిక్సీ జారు ఉన్న సంచి, ప్రోతరాపూర్ పక్కింటావిడది. ఇంకో పక్క మొగుడి ఫోర్‌మన్ పంపిన చిన్న నీళ్ల మోటారు. దాని మీద పెళ్లి కార్డుల కట్ట. ఒక తెలియని ముసలమ్మ, "నీల్ పోతున్నావా బేటీ? మా అబ్బాయి జెట్టీకి వస్తాడు," అంటూ టిఫిన్ క్యారేజీ తగిలిస్తోంది. ఆ అమ్మాయి భుజాన తన బ్యాగు, చేతిలో గుడ్డల మూట. నవ్వుతోంది గాని, ఆ నవ్వు వద్దని చెప్పలేక నవ్వే నవ్వు.

అంతలో మా అతను పరుగెత్తుకుంటూ వచ్చాడు, షాపు పార్సిలుతో. నీల్‌లో ఎవరికో న్యాపీల కట్టలు, రెండు పాలసీసాలు. అదీ తగిలించాడు.

"నీకు తెలియదా? అమ్మిందే మనం!" అన్నాను.

"అరే దీదీ, రెండే నిమిషాలు. బోటెక్కి తీసేస్తుంది. ఆమెకి చేతులు ఖాళీ ఎక్కడున్నాయి?"

అదీ నిజమే. నేను మోటారు సంచి విప్పడానికి చెయ్యి వేశాను. ముడి మీద ముడి వేసి ఉంది. అప్పుడే పై నుంచి కేక. "నీల్ వాలే, జల్దీ జల్దీ!" జనం ఒక్కసారి ముందుకు తోసుకొచ్చారు. నేనూ అత్తగారూ వెనకబడిపోయాం. ఆమె చంకలో ఒక గుడ్డ సంచి ఉంది. మధ్యాహ్నం తినడానికేమో అనుకున్నాను. అందరూ బండికి తగిలించినా, ఆమె మాత్రం తన సంచి తగిలించలేదు.

మా బోట్ల దగ్గర పద్ధతి ఏమిటంటే, అలలున్న రోజు ముందు పిల్లలు ఎక్కుతారు. పలక మీద నిలబడ్డ కళాసీ చేతులు చాచి బిడ్డని అందుకుంటాడు, తర్వాత తల్లికి చెయ్యి ఇస్తాడు. ఆ అమ్మాయి నేను చెప్పినట్టే బండిని వెనక్కి తిప్పింది. హ్యాండిల్ సముద్రం వైపు, పాప మొహం మా వైపు. బండి ముందుకు వచ్చి బెల్టు విప్పింది. "పహలే బచ్చా దో! ముందు పిల్లని!" అన్నాడు కళాసీ. ఆమె పాపని ఎత్తి పక్కకి తిరిగి అతనికి అందించింది.

పాప ఉన్నంతసేపూ నిలబడిన బండి, పాప లేచిన మరుక్షణం వెనక్కి వాలింది. వెనక ధక్కా లేదు, నీళ్లే.

నేను పొడుగు మనిషిని. కళాసీ చేతుల్లో పాపని చూశాను. అత్తగారు పొట్టి. ఆమెకి జనం భుజాల మధ్య నుంచి కనబడింది ఒక్కటే. రెండు చిన్న చక్రాలు గాల్లోకి లేచాయి, మాయమయ్యాయి. తర్వాత బోటు వచ్చి టైర్లని గుద్దింది. కింద ఏదో నలిగిన చప్పుడు. ఎవరో, "బచ్చా గిర్ గయా! పిల్ల పడిపోయింది!" అని అరిచారు.

ఆమె అరవలేదు. జనాన్ని తోసుకుంటూ కూడా వెళ్లలేదు. నిలబడినచోటే, బోటు తాళ్లు కట్టే ఇనుప దిమ్మ మీద కూలబడింది. నా చీర చెంగు ఆమె పిడికిట్లో ఉంది. "ఉంది, పాప ఉంది, పైనుంది," అని నేను చెవి దగ్గర చెబుతూనే ఉన్నాను. ఆమెకి వినబడలేదు.

అప్పుడా కళాసీ, ఎవరు చెప్పారో, తనకే తోచిందో, పాపని రెండు చేతులతో తన తలకంటే పైకి ఎత్తి అందరికీ చూపించాడు. పాప బోటు జెండా వైపు చూస్తోంది. ఒక కాలికి గులాబి రంగు సాక్సు ఉంది. రెండో కాలు బోసిగా ఉంది. సాక్సు బెల్టుకి తగులుకుని బండితో పాటు పోయింది.

అత్తగారు నా చెంగు వదిలింది.

ఆమెని లేపి అంచు దగ్గరికి తీసుకెళ్లేసరికి కొడుకు పెళ్లాం చెయ్యి పట్టుకుని ఉన్నాడు. "బస్. అయిపోయింది. ఇంటికి పద. ఉద్యోగం వద్దు, ఏమీ వద్దు. మొదటి రోజే ఇలాగైతే..." ఆ అమ్మాయి బ్యాగుని గుండెకి హత్తుకుని నిలబడింది. బడిలో ఇవ్వాల్సిన కాగితం ఆ బ్యాగులోనే ఉంది. బోటు హారన్ కొట్టింది. కళాసీ పై నుంచి, "దీదీ, ఎక్కుతారా? లేకపోతే పిల్లని తీసుకోండి," అన్నాడు.

మొగుడు పాప కోసం చేతులు చాచాడు. అత్తగారు అతని మోచెయ్యి కిందికి దించింది.

"పడింది బండి. గుంట కాదు," అంది. తర్వాత కోడలితో, "ఒలే, గుంట బోటు మీదుంది, తల్లి గట్టు మీదుంది. ఇదేటి? ఎక్కు."

"నువ్వు వద్దన్నదే కదమ్మా ఇన్నాళ్లూ!" అన్నాడు కొడుకు.

ఆమె రొంటిన చెయ్యి పెట్టి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. చెమటకి మెత్తబడిపోయింది. నీల్ టిక్కెట్, ఆమె పేరు మీద, ఆ రోజుకే.

"ఎప్పుడు కొన్నావ్?" అన్నాడు కొడుకు.

"శుక్రారం. రెండు గంటలు నిలబడ్డాను లైన్లో."

కోడలు టిక్కెట్ వంక, అత్తగారి వంక మార్చి మార్చి చూసింది. "ఒక్క మాటైనా చెప్పలేదేంటత్తా?"

"రమ్మని పిలుస్తావేమోనని సూసినాను."

"మీరు రానంటారని నేను అడగలేదు."

"ఇప్పుడడుగు."

ఆ అమ్మాయి బ్యాగు భుజాన వేసుకుంది. బోటు ఇంకోసారి హారన్ కొట్టింది. "రండత్తా," అంది.

"నాన్నకి అన్నం ఎవరు వండుతారు?" అని కొడుకు పిచ్చిచూపులు చూశాడు.

"బియ్యం డబ్బా సూపించు. పొయ్యి ఆయనకే కనబడతాది," అంటూ కళాసీ చెయ్యి పట్టుకుని పలక ఎక్కింది. పైకి వెళ్లగానే పాపని అందుకుని, బోసిగా ఉన్న కాలిని అరచేతిలో మూసి పట్టుకుంది. చంకలోని గుడ్డ సంచి అప్పుడు కొంచెం విచ్చుకుంది. అందులో ఉన్నది తిండి కాదు. రెండు చీరలు, ఒక దువ్వెన.

పై నుంచి నన్ను వెతికి చూసింది. "అప్పా! నేర్సుకున్న మడతంతా నీళ్ల పాలయింది!"

బోటు తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా కదిలింది. మధ్యాహ్నానికి చాలా ముందే సంతకం పడిందని కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. అప్పుడు నేను కౌంటరులో ఉన్నాను. మా అతను ఆ రోజు పెద్ద చక్రాల బండిని కూడా తుడవలేదు. నీల్ కస్టమరు పార్సిలుకి తన జేబులోంచి డబ్బు కట్టేశాడని నాకు నెల చివర తెలిసింది.

వస్తువులు పంపినవాళ్లందరినీ వెతికి నేనే వెళ్లి చెప్పాను. ఎవరు ఏమిచ్చారు, ఎంత బరువు అని అడిగి తెలుసుకున్నాను. టిఫిన్ క్యారేజీ ముసలమ్మని పట్టుకోవడానికే నాలుగు రోజులు పట్టింది. ఎవరింటికి వెళ్లినా "బండి నీళ్లలో పడింది" అనగానే ముందు పాప ఎలా ఉందని అడిగారు. తమ వస్తువు సంగతి తర్వాత అడిగినవాళ్లున్నారు, అసలు అడగనివాళ్లూ ఉన్నారు. హ్యాండిల్‌కి తగిలించిన బరువు మొత్తం తొమ్మిదిన్నర కిలోలని తేలింది. పాప ఏడు కిలోల ఏడు వందల గ్రాములు. పాపని ఎత్తాక ఆ బండి ఎందుకు నిలబడలేదో తెలుసుకోవడానికి ఈ రెండు అంకెలు చాలు. సంచి తగిలించినవాళ్లలో ఒక్కరికీ చెడు ఉద్దేశం లేదు. ఎవరికి వాళ్లు ఒక్క సంచే తగిలించారు.

ఆగస్టు తొమ్మిదో తేదీ, శనివారం, సాయంత్రం నాలుగూ పదికి అత్తా కోడళ్లిద్దరూ పాపతో షాపుకి వచ్చారు. పాప అత్తగారి చంకన ఉంది. ఇద్దరూ నల్లబడ్డారు. అత్తగారు కొంచెం చిక్కింది.

"నెల అయిపోయినట్టుందే?" అన్నాను.

"ఏ నెలప్పా?" అంది ఆమె.

మళ్లీ బండి కావాలన్నారు. మూడో ప్రశ్న అడగబోతే ఆమే అందుకుంది. "తోసీదాన్ని నానే. దీనికేటి తెలుసు, బళ్లో కూకుంటాది." ఈసారి దోమతెరల వైపు వెళ్లలేదు. ఒక్కో బండినీ పట్టుకుని, ముందు చక్రాన్ని గుమ్మం బయట బురదలోకి దింపి చూసింది. చిన్న బండి దిగబడింది. మధ్య రకమూ దిగబడింది. పెద్ద చక్రాల బండి బురదలోంచి సాఫీగా బయటికి వచ్చింది.

"అది బోటులో కష్టం," అన్నాను.

"బోటు కోసమా అప్పా బండి? బోటులో రెండు గంటలు. నీల్‌లో మా గది కాణ్ణించి మిగతా అయిదు రోజులూ మట్టి రోడ్డే. దీన్నొక్కపాలి సరుకుల్లో పడేసి పంపీ. అక్కడే ఉంటాది. ఇక్కడికొచ్చినప్పుడు సంకనెత్తుకుంటాను."

నిజానికి ఆ మొదటి బండి నీళ్లలో పడకపోయినా నీల్ మట్టిలో వారం తిరిగేది కాదు. రెండు గంటల ప్రయాణాన్ని చూసి మేమందరం బండిని ఎంచాం. పాప రోజులు గడిచే దారి ఎలా ఉంటుందో ఎవరమూ అడగలేదు. ఆ తర్వాత రిటైరయ్యేవరకు నా రెండో ప్రశ్న మార్చుకున్నాను. ఎందులో తిరుగుతారని కాదు, రోజూ ఏ దారిన తిరుగుతారని అడిగేదాన్ని. మూడో ప్రశ్న మాత్రం అదే. తోసే మనిషి షాపుకి రాకుండా బండి కొనకండి. ఆ మనిషి ఎవరో మీకు ఇంకా తేలకపోతే, నోరు తెరిచి అడగండి. సంచులు హ్యాండిల్‌కి తగిలించకండి. ఎవరైనా తగిలించబోతే నా పేరు చెప్పండి.

ధర దగ్గర ఆమె మా అతన్ని అరగంట తిప్పలు పెట్టింది. "పదహారు నెల్లు నిలబడుంది గదా బాబూ, దానికే కాళ్లు పీకుతుంటాయి, ఇంత రేటేటి?" చక్రం ఇరుసు దగ్గర తుప్పు చూపించింది. టీ కప్పు గూడు తీసేసి ఆ మేరకు తగ్గించమంది. చివరికి ఆరు వేలకి తెగింది. గూడు మాత్రం అతను ఉంచేశాడు. బండి వెళ్లిపోయిన మర్నాడు పొద్దున్న అతను గుడ్డ పట్టుకుని షాపు ముందుకి వెళ్లి, ఖాళీగా ఉన్న చోటు చూసి తిరిగొచ్చాడు.

జూన్ పదహారో తేదీ ఉదయం ఫీనిక్స్ బేలో పోయినవి ఇవి. గొడుగులా ముడిచే పాప బండి ఒకటి, పదమూడు రోజులు వాడింది. వాన కవరు ఒకటి, బాగానే ఉన్నది. మిక్సీ జారు ఒకటి. కొత్తగా తీగ చుట్టించిన నీళ్ల మోటారు ఒకటి. పెళ్లి కార్డులు పద్నాలుగు. ఆ పద్నాలుగు ఇళ్లనీ తర్వాత ఫోన్‌లో పిలిచారు. చేపల కూరతో టిఫిన్ క్యారేజీ ఒకటి. న్యాపీల కట్టలు మూడు, పాలసీసాలు రెండు. గులాబి రంగు సాక్సు ఒకటి, ఎడమ కాలిది. రెండోది పాప కాలికే ఉంది.